ఆర్మేనియన్ రాని ఒట్టోమన్ చరిత్ర

టర్కిష్ భాషలో తొలి నవల ఏదంటే పాఠ్యపుస్తకాలు చాలాకాలం 1872లో వచ్చిన ఒక పుస్తకం పేరు చెప్పాయి. దానికి 21 ఏళ్ళ ముందే, 1851లో, ఇస్తాంబుల్‌లో ‘అకబీ హికాయెసి’ అచ్చయింది. రాసినాయన హొవ్సెప్ వర్తానియన్, ఒట్టోమన్ (ఇస్తాంబుల్ రాజధానిగా సాగిన తుర్కుల సామ్రాజ్యం) ప్రభుత్వోద్యోగి, తర్వాతి రోజుల్లో వర్తాన్ పాషా. ఆర్మేనియన్లు ఆ సామ్రాజ్యంలోని క్రైస్తవ ప్రజ. ఆర్మేనియన్ చర్చి ఇంటి అమ్మాయికీ కేథలిక్ ఇంటి అబ్బాయికీ మధ్య ప్రేమకథ అది. భాష ఇస్తాంబుల్ వీధుల టర్కిష్. అయినా సాహిత్యచరిత్రలోకి ఎక్కలేదు. కారణం ఒక్కటే, దాని లిపి ఆర్మేనియన్. 1991లో లాటిన్ లిపిలోకి మార్చి ప్రచురించాకే మామూలు టర్కిష్ పాఠకుడి చేతికి అందింది.

త్యాగరాజు కీర్తనని తమిళ లిపిలో అచ్చువేసుకుని పాడినా అది తెలుగే. ఆ కీర్తనలు మన సాహిత్యం కావని మనం అనం. ఒట్టోమన్ చరిత్ర రాసినవాళ్ళు మాత్రం సుమారుగా ఆ పనే చేశారు. అరబిక్ లిపిలో ఉన్నది సామ్రాజ్యం, ఆర్మేనియన్ లిపిలో ఉన్నది ‘మైనారిటీ వ్యవహారం’ అని గీత గీసుకున్నారు. ఆర్మేనియన్ చరిత్రకారులూ తమవైపునుంచి ఆ గీతనే మరింత లోతుగా తవ్వారు. తమ కథలో ఒట్టోమన్ రాజ్యం కత్తి పట్టుకుని వచ్చినప్పుడు తప్ప కనిపించదు. నా వాదన ఏమిటంటే, ఈ రెండూ రెండు చరిత్రలు కావు. ఒకే ఫైలు రెండు బీరువాల్లో ఉంది. ఒక బీరువా మాత్రమే తెరిచినవాళ్ళకి రెండోవాళ్ళ సంగతి తెలియకపోవడం చిన్న నష్టం. తమ బీరువాలో ఉన్న కాగితాన్నే తప్పుగా చదవడం పెద్ద నష్టం.

లిపి దగ్గరే మొదలుపెడదాం. టర్కిష్‌లో అచ్చులు ఎనిమిది. 1928 దాకా టర్కిష్ రాసిన అరబిక్ లిపికి వాటిని పూర్తిగా చూపడం చేతకాదు. కాఫ్, లామ్ అనే రెండక్షరాలు కలిపి రాస్తే ‘గెల్’ అని చదివి ‘రా’ అనుకోవచ్చు, ‘గ్యుల్’ అని చదివి ‘గులాబీ’ అనుకోవచ్చు, ‘కెల్’ అని చదివి ‘బట్టతల’ అనుకోవచ్చు. సందర్భాన్ని బట్టి పోల్చుకోవాల్సిందే. ఆర్మేనియన్ లిపిలో ఈ చిక్కు లేదు. ప్రతి అచ్చుకీ ఒక అక్షరం గాని, రెండక్షరాల జత గాని ఉంది. అందుకే 18, 19 శతాబ్దాల్లో ఇస్తాంబుల్‌లో ఒక మాటని జనం నిజంగా ఎలా పలికేవారో తేల్చాలంటే భాషాశాస్త్రవేత్తలు ఆర్మేనియన్ లిపిలోని టర్కిష్ పుస్తకాలు తిరగేస్తారు. టర్కిష్ భాష చరిత్రకే అవి సాక్ష్యం. ఆర్మేనియన్ల సంగతి అంటూ పక్కన పెట్టేవి కావు.

ఇక్కడ ఒక ఉచ్చుంది. ఆర్మేనియన్ అక్షరాలకి తూర్పు పలుకు వేరు, పడమటి పలుకు వేరు. ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో ‘ప’ అని చదివే అక్షరాన్ని ఇస్తాంబుల్‌లో ‘బ’ అంటారు. యెరెవాన్ ‘గ’ ఇస్తాంబుల్‌లో ‘క’, యెరెవాన్ ‘త’ ఇస్తాంబుల్‌లో ‘ద’. తూర్పు పద్ధతిలో నేర్చుకున్న విద్యార్థి ఇస్తాంబుల్ పుస్తకంలో ‘బే’ అన్న బిరుదుని ‘పే’ అని చదువుతాడు. మనుషుల పేర్లలో ఇది ఇంకా ముదురుతుంది. ఒకే స్పెల్లింగు యెరెవాన్ జాబితాలో కరాపెత్, ఇస్తాంబుల్‌లో గరాబెద్. ఒట్టోమన్ గుమాస్తా దాన్ని కరాబెత్ అని రాస్తాడు. పెత్రోస్, బెద్రోస్ ఒకరే. గ్రిగోర్, క్రికోర్, కిర్కోర్ ఒకరే. హకోబ్, హగోప్, అగోప్ ఒకరే. పన్ను దఫ్తరులో ఒకసారి, చర్చి రిజిస్టర్‌లో ఒకసారి, అమెరికా ఓడ జాబితాలో ఒకసారి ఎక్కిన ఒక్క మనిషి, పేర్ల పట్టిక తయారుచేసేటప్పుడు ముగ్గురైపోతాడు. ముందే ఒక సమానార్థక పట్టిక రాసుకుని పని మొదలుపెట్టకపోతే తర్వాత వేసే లెక్కలన్నీ దండగ.

తర్వాతి ఉచ్చు తేదీలు. పహాణీ, అడంగల్ కాగితాల్లో ఫస్లీ సంవత్సరాలు చూసినవాళ్ళకి ఇది చప్పున అర్థమవుతుంది. ఫస్లీకి 590 కలిపితే మామూలు సంవత్సరం వస్తుంది, కానీ ఫస్లీ జూలైలో మొదలవుతుంది కాబట్టి జనవరి నుంచి జూన్ దాకా 591 కలపాలి. ఒట్టోమన్ ఖజానాకీ మన రెవెన్యూకి ఉన్న ఇబ్బందే ఉండేది. హిజ్రీ సంవత్సరం చంద్రుడితో నడుస్తుంది, పంట సూర్యుడితో పండుతుంది. దాంతో 1840 నుంచి ‘రూమీ’ ఆర్థిక సంవత్సరం వాడారు. దానికి 584 కలపాలి. అయితే అది జూలియన్ లెక్కలో మార్చి 1న మొదలవుతుంది, కాబట్టి జనవరి, ఫిబ్రవరి నెలలు పాత సంవత్సరం అంకెలోనే ఉంటాయి. కానూనుసానీ అంటే జనవరి. ‘15 కానూనుసానీ 1331’ అన్న తంతికి 584 కలిపి 1915 జనవరి అని వేసేస్తే ఏడాది తప్పు. అది 1916 జనవరి 28. 1915 జనవరి అంటే ఒట్టోమన్ ప్రభుత్వం ఆర్మేనియన్లని ఊళ్ళనుంచి వెళ్ళగొట్టి చంపించిన ఆ ఏటి బహిష్కరణలకు ముందు, 1916 జనవరి అంటే లక్షలమందిని తరిమేశాక. ఆ ఒక్క అంకె తప్పితే కారణం కార్యమైపోతుంది. పైగా 20వ శతాబ్దంలో 13 రోజులు, 19వ శతాబ్దంలో 12 రోజులు కలపాలి. 1917 మార్చి నుంచి ఆ తేడా తీసేశారు, కాబట్టి ఆ తర్వాతి కాగితాలకి రోజులు కలిపినా తప్పే. తెష్రీనిఎవ్వెల్ అక్టోబరు, తెష్రీనిసానీ నవంబరు. ఈ రెంటినీ కలగాపులగం చేసిన అచ్చు పుస్తకాలు తక్కువేం కాదు.

ఆర్మేనియన్ వైపు తేదీలకి ఇంకో లెక్క. ఆర్మేనియన్ శకానికి 551 కలపాలి. సంవత్సరం అంకెల్లో కాక అక్షరాల్లో ఉంటుంది. మొదటి 36 అక్షరాలు నాలుగు వరుసలు, వరుసకి తొమ్మిది: ఒకట్లు, పదులు, వందలు, వేలు. పాత ఆర్మేనియన్ సంవత్సరం లీపు లేని 365 రోజులది, అందువల్ల దాని ఉగాది ఋతువులన్నీ తిరుగుతూ పోతుంది. 1600 ప్రాంతానికి అది అక్టోబరులో పడింది. అంటే ఆ కాలపు సంవత్సరాల్లో మొదటి రెండు నెలల చిల్లరకి 550 కలపాలి, మిగతా అంతటికీ 551.

ఇంత అవస్థ ఎందుకు పడాలి? ఎందుకంటే 1600 ప్రాంతం సరిగ్గా ఒట్టోమన్ కాగితాలు మనల్ని నడిసముద్రంలో వదిలేసే చోటు. 16వ శతాబ్దమంతా ‘తహ్రీర్’ దఫ్తరులున్నాయి. ఊరూరా ఇంటి యజమానుల పేర్లు, గోధుమ, బార్లీ, ద్రాక్ష మీద పన్నులు వరసగా ఉంటాయి. శతాబ్దం చివరికి ఆ సర్వేలు ఆగిపోయాయి. అప్పుడే అనటోలియాలో (ఇప్పటి టర్కీలో ఆసియా వైపు భాగం) జెలాలీ తిరుగుబాట్లు రేగాయి, రైతులు ఊళ్ళకి ఊళ్ళు వదిలి పారిపోయారు. కేంద్రం నుంచి వెళ్ళిన ఫర్మానాలు చూస్తే రాజ్యం ఏం కోరుకుందో తెలుస్తుంది గాని ఊళ్ళో ఏం జరిగిందో తెలియదు. ఆ సమయానికి ఆర్మేనియన్ రాతప్రతుల చివర ‘హిశాతకారన్’లు ఉన్నాయి. మన తాళపత్రాల చివర లేఖకుడు తన పేరు, ఊరు, తిథి రాసుకున్నట్టే అక్కడి లేఖకుడూ రాస్తాడు. కానీ అక్కడితో ఆపడు. ఏ సుల్తాను కాలం, ఏ పాషా దోచుకుపోయాడు, కరువులో రొట్టె ధర ఎంత, ఎవరు ఎటు పారిపోయారు అని రాస్తాడు. అదే కాలంలో కెమాహ్ ప్రాంతపు మతగురువు గ్రిగోర్ దరనఘ్త్సి తన వృత్తాంతం రాశాడు, పోలండ్ నుంచి వచ్చిన సిమియోన్ యాత్ర రాశాడు. తూర్పునుంచి ఇస్తాంబుల్‌కీ తెకిర్దాగ్‌కీ ఆర్మేనియన్లు ఎలా చేరారో, తిరిగి పొమ్మని ఆజ్ఞ వచ్చినప్పుడు ఏమైందో ఇవి చెబుతాయి. ఇస్తాంబుల్‌లోనే ఉండి టర్కిష్‌లోకి ఆర్మేనియన్ మూలాలను అనువదించిన హ్రాంద్ ఆంద్రేయస్యన్ 1950, 60ల్లో ఈ దారి వేశాడు. ఒట్టోమన్ నగరవాసి యెరెమియా చెలెబీ కొముర్జియన్ 17వ శతాబ్దంలో రాసిన ఇస్తాంబుల్ వర్ణన 1952లో టర్కిష్‌లో వచ్చింది ఆయన చేతిమీదుగానే. దాన్ని పక్కన పెట్టి ఆ శతాబ్దపు ఇస్తాంబుల్ గురించి పుస్తకం రాయగలమని నేననుకోను.

రెండు బీరువాలూ తెరిస్తే కూలిపోయే కథలు కూడా ఉన్నాయి. 1461లో సుల్తాన్ మెహ్మద్ బుర్సా బిషప్ హొవగిమ్‌ని పిలిపించి సామ్రాజ్యంలోని ఆర్మేనియన్లందరికీ పేట్రియార్క్‌ని, అంటే చర్చి పెద్దని, చేశాడని చెబుతారు. ఒక్కో మతం వాళ్ళు తమ మతపెద్ద కింద తమ వ్యవహారాలు నడుపుకునే ‘మిల్లెత్ వ్యవస్థ’ అప్పుడే పుట్టిందని వందేళ్ళు రాశారు. 1982లో వచ్చిన పరిశోధన ఆ కథ మూలాన్ని వెనక్కి తవ్వుకుంటూ పోతే సమకాలీన కాగితం దొరకలేదు. 1784–86 మధ్య వెనిస్‌లో అచ్చయిన, చామ్చియన్ రాసిన ఆర్మేనియన్ చరిత్ర దగ్గర అది గట్టిపడింది. ఇస్తాంబుల్ పేట్రియార్క్ అధికారం మొదట్లో చిన్నదే. సిస్, అఖ్తమార్, జెరూసలేం పీఠాలు వేటికవిగా ఉండేవి. 19వ శతాబ్దపు నిర్మాణాన్ని నాలుగు వందల ఏళ్ళు వెనక్కి తోసి పెట్టారు. ఆ కథ ఆర్మేనియన్ పీఠానికి గౌరవం, టర్కిష్ చరిత్రకారుడికి సుల్తాను ఔదార్యానికి రుజువు. ఇద్దరికీ పనికొచ్చింది కాబట్టి ఎవరూ ప్రశ్నించలేదు.

ఒక అభ్యంతరానికి మాత్రం నేను పూర్తిగా చెవి ఒగ్గుతాను. ఆర్మేనియన్లని ఒట్టోమన్ చరిత్రలో కలపడం అంటే ‘చూడండి, ఎంత బాగా కలిసి బతికారో’ అనే బొమ్మ గీయడమేనని, దాంతో 1915 ఏదో పొరపాటున జరిగిన సంగతిలా కనిపిస్తుందని అంటారు. భయం ఉత్తది కాదు. దొల్మాబాచే రాజభవనం (1856లో పూర్తయింది) కట్టిన బల్యాన్ కుటుంబం, తుపాకీమందు కార్ఖానాలు నడిపిన దాదియన్లు, టంకశాల చూసిన దుజియన్లు, ఒట్టోమన్ ఆస్థాన సంగీతాన్ని తన స్వరలిపిలో కాపాడిన హంపార్త్సుమ్ లిమొంజియన్... ఈ పేర్లని దండలా గుచ్చి పర్యాటకుల కరపత్రం వేసుకోవచ్చు. అలా వేశారు కూడా.

కానీ కలపడం అంటే రాజీ కుదర్చడం కాదు. ‘అమీరా’లనే ఆ ఇస్తాంబుల్ ఆర్మేనియన్ ధనికుల డబ్బు ఎక్కడిదో అడగాలి. వాళ్ళలో చాలామంది సర్రాఫులు, మన ‘షరాబు’ అన్న మాటకి పుట్టిల్లు ఆ మాటే. తూర్పు రాష్ట్రాల పన్ను వసూలు ఇజారాకి పాడుకునే పాషాకి సర్రాఫు హామీ ఉండాలి, ముందస్తు సొమ్ము అతనే పెట్టాలి. పాషా ఆ సొమ్ము, వడ్డీ, తన లాభం కలిపి ముష్, వాన్ పల్లెల రైతుల దగ్గర పిండుతాడు. ఆ రైతుల్లో ఆర్మేనియన్లూ ఉన్నారు. ఇస్తాంబుల్ చర్చికి విరాళమిచ్చిన చేతికీ ముష్ రైతు వీపుమీది దెబ్బకీ మధ్య గొలుసు ఉంది. ఆ గొలుసు ఖజానా దఫ్తరులో కనిపిస్తుంది, చర్చి చరిత్రలో కనిపించదు. ఆ సర్రాఫుకీ భద్రత లేదు. 1819లో దుజియన్ కుటుంబంలో కొందరికి మరణశిక్ష వేసి ఆస్తి జప్తు చేశారు. ఇది సామరస్య చిత్రం కాదు, ఏకశిలలాంటి ‘ఆర్మేనియన్ జాతి’ చిత్రం కూడా కాదు.

ఒట్టోమన్ ఆర్మేనియన్లు తమ సముదాయ వ్యవహారాలు నడుపుకోవడానికి రాసుకుని 1863లో ఆమోదం పొందిన ఆర్మేనియన్ జాతీయ రాజ్యాంగంలోనూ ఆ అసమానతే ఉంది. మహాసభలో 140 స్థానాలు. ఇస్తాంబుల్ మతగురువులకి 20, ఇస్తాంబుల్ గృహస్థులకి 80, మొత్తం రాష్ట్రాలకి 40. జనం ఎక్కువున్నది రాష్ట్రాల్లో, వాటికి దక్కింది ఏడింట రెండు వంతులు. అయినా ఆ సభే 1870లలో తూర్పున భూములు గుంజుకోవడం గురించి, అక్రమ పన్నుల గురించి ఫిర్యాదులు ఏర్చి కూర్చి ప్రభుత్వానికి నివేదిక ఇచ్చింది. ఆ రాజ్యాంగం రాసినవాళ్ళలో ఒకడైన క్రికోర్ ఒదియన్ 1876 ఒట్టోమన్ రాజ్యాంగం వేళ దాన్ని ముందుండి తెచ్చిన మిధత్ పాషాకి సలహాదారు. సామ్రాజ్యపు రాజ్యాంగ చరిత్రని దీన్ని వదిలేసి ఎలా రాస్తారో నాకు అర్థం కాదు.

జనాభా లెక్కల దగ్గర వాదం ఎప్పుడూ వేడెక్కుతుంది, కానీ ఎక్కువమంది పోల్చకూడనివి పోలుస్తారు. 1914 ఒట్టోమన్ లెక్కలో ‘ఆర్మేనియన్’ వరుసలో 11,61,169 మంది. ఆ వరుస అపోస్తలిక్ చర్చి, అంటే ఆర్మేనియన్ల సొంత చర్చి, వాళ్ళది మాత్రమే. ఆర్మేనియన్ కేథలిక్కులు 67,838 వేరే వరుస. ప్రొటెస్టెంట్లు 65,844 ఇంకో వరుస, అందులో ఆర్మేనియన్లే ఎక్కువైనా ఇతరులూ ఉన్నారు. మొదటి వరుస ఒక్కటే ఎత్తి చూపితే మొదట్లోనే లెక్క తప్పింది. పేట్రియార్కేట్ లెక్క దాదాపు 19 లక్షలు. రాజ్యం లెక్కపెట్టింది పన్ను కోసం, సైన్యం కోసం. 1909 దాకా ముస్లిమేతర మగవాళ్ళు సైన్యానికి బదులు పన్ను కట్టేవారు కాబట్టి పేరు ఎక్కించుకోకపోవడమే లాభం. ఆడవాళ్ళూ పిల్లలూ తక్కువ పడ్డారు. చర్చి లెక్కించింది పారిష్ పుస్తకాల నుంచి, యూరప్ రాయబారుల ముందు పెట్టడానికి. 1915లో హోం మంత్రిగా ఉన్న తాలత్ పాషా నోటుపుస్తకం 2008లో బయటికి వచ్చింది. అందులో 1914కి సుమారు 12.56 లక్షలు, 1917కి 2,84,157. అసలు సంఖ్యని 15 లక్షలుగా తీసుకోవాలన్న గమనిక కూడా పక్కనే ఉంది. తమ అంకె తక్కువని హోం మంత్రి కార్యాలయానికే తెలుసన్నమాట.

ఇంకొకటి. 1880ల పట్టికని 1914 పట్టిక పక్కన పెట్టేముందు విలాయత్ (రాష్ట్రం) సరిహద్దులు మారాయో లేదో చూడాలి. ఊరి పేర్లూ మారాయి. జైతూన్ 1915లోనే సులేమాన్‌లీ అయింది, ఎగిన్ 1922లో కెమాలియె అయింది, సిస్ ఇప్పుడు కొజాన్, హాజిన్ ఇప్పుడు సాయిమ్‌బేలి. రిపబ్లిక్ కాలంలో మారిన పల్లెల పేర్లు దాదాపు 12 వేలు. ఆర్మేనియన్ పేరు, ఒట్టోమన్ పేరు, ఇప్పటి పేరు మూడు గడులుగా రాసుకోకుండా పటం గీయకూడదు.

టర్కిష్, ఆర్మేనియన్ పరిశోధకులు ఒకే బల్ల దగ్గర కూర్చోవడం ఈమధ్యే మొదలైంది. 2000లో షికాగో విశ్వవిద్యాలయంలో వర్క్‌షాపుల వరస ప్రారంభమైంది. 2005 మేలో ఇస్తాంబుల్‌లో ఒట్టోమన్ ఆర్మేనియన్ల మీద జరగాల్సిన సదస్సుని న్యాయశాఖ మంత్రి వెన్నుపోటు అన్నాడు, అది ఆగింది. సెప్టెంబరులో కోర్టు అడ్డొస్తే వేదిక మార్చి 24, 25 తేదీల్లో జరిపారు. ఆర్మేనియన్, టర్కిష్ రెండు భాషల్లో ‘అగోస్’ పత్రిక నడిపిన హ్రాంత్ దింక్‌ని 2007 జనవరి 19న ఆ పత్రిక ఆఫీసు బయటే కాల్చి చంపారు. ఈ చదువుకి అక్కడ పెట్టాల్సి వచ్చిన ధర అది.

రెండు బీరువాలు కలిస్తే ఏం జరుగుతుందో ఒక తంతి చెబుతుంది. 1915 మారణకాండ ప్రభుత్వ నిర్ణయం కాదని వాదించేవాళ్ళు మూలపత్రం చూపమంటారు. మన దేశంలో ఖిలాఫత్ సభలు మొదలైన 1919లోనే ఇస్తాంబుల్ సైనిక న్యాయస్థానం తమ మాజీ మంత్రులనే విచారించింది, జూలై 5న తాలత్, ఎన్వర్, జెమాల్‌లకి వాళ్ళు పారిపోయి ఉండగానే మరణశిక్ష వేసింది. ఆ విచారణల ఫైళ్ళు తర్వాత ఎవరి కంటా పడలేదు. మిగిలింది ప్రభుత్వ గెజెట్ అనుబంధాలు, ఆనాటి పత్రికలు, పేట్రియార్కేట్ వాళ్ళు తీసి పెట్టుకుంటే జెరూసలేం చేరిన కాగితాలు. క్రికోర్ గెర్గెరియన్ అనే మతగురువు వాటిని ఫొటోలు తీశాడు. వాటిలో 1915 జూలై 4న ఎర్జురుమ్ నుంచి పాలకపక్ష నాయకుడు బహాయెద్దీన్ షాకిర్, తరిమేసిన ఆర్మేనియన్లని చంపేస్తున్నారా అని అడుగుతూ పంపిన సంకేత తంతి ఒకటి. అక్షరాలు కావు, నాలుగేసి అంకెల గుంపులు. ఒంటిగా చూస్తే ఎవరైనా కల్పించారనొచ్చు. 2017లో టర్కిష్ చరిత్రకారుడు తానెర్ అక్చామ్ ఆ అంకెలని ఇస్తాంబుల్ ప్రభుత్వ ఆర్కైవులోని అదే కాలపు హోం శాఖ సంకేతాలతో పోల్చాడు. సరిపోయాయి. తాళం జెరూసలేం కాగితంలో ఉంది, తాళంచెవి ఇస్తాంబుల్‌లో. 1915ని జాతిహననం అనడానికి నేను వెనకాడను. ఆ మాట నిలబడేది ఇలాంటి పని మీద.

ఆ పని చేయగల చేతులే తక్కువ. ఒట్టోమన్ నేర్చుకుంటే అచ్చు లిపి ఒకటి, గుమాస్తాల రికా చేతిరాత ఒకటి, ఖజానాలో చుక్కల్లేని సియాకత్ ఇంకొకటి. 1928లో లిపి మారాక టర్కీ పిల్లలకీ ఇది పరాయి చదువే. ఆర్మేనియన్ వైపు పాత గ్రంథభాష గ్రబార్ వేరు, ఇస్తాంబుల్ పడమటి ఆర్మేనియన్ వేరు, ఆ రెండోది టర్కీలో అంతరించే ప్రమాదంలో ఉందని యునెస్కో జాబితా. కాగితాలేమో యెరెవాన్, వెనిస్, వియన్నా, పారిస్, జెరూసలేం, బోస్టన్‌లకి చెదిరాయి. (ఆర్మేనియన్ భాషలో తొలి పత్రిక 1794లో అచ్చయింది మద్రాసులో. పర్షియా నుంచి మచిలీపట్నం దాకా వ్యాపారం చేసిన ఆర్మేనియన్ల లోకం అది, ఒట్టోమన్‌ది కాదు, కానీ చెదరడం ఎంత దూరమో చూపుతుంది.) చాలా విశ్వవిద్యాలయాల్లో ఆర్మేనియన్ ఒక విభాగంలో, ఒట్టోమన్ మరో విభాగంలో ఉంటాయి. విద్యార్థి మొదటి ఏడాదిలోనే ఏదో ఒక తలుపు ఎంచుకోవాలి. ఆ ఎంపికే పెట్టకూడదు. ఒట్టోమన్ చరిత్రలో డాక్టరేట్‌కి ఆర్మేనియన్ గాని గ్రీకు గాని తప్పనిసరి చేయాలి, ఆర్మేనియన్ చరిత్రకి ఒట్టోమన్ తప్పనిసరి చేయాలి.

చేయాల్సిన పని ఇంకా ఎంత ఉందో ఆస్తుల విషయం చూస్తే తెలుస్తుంది. 1915 సెప్టెంబరు 26 నాటి చట్టం, కాగితం మీద ‘13 ఎయ్లూల్ 1331’, వెళ్ళగొట్టిన ఆర్మేనియన్ల ఆస్తిని ‘విడిచిపెట్టిన ఆస్తి’ అని పిలిచి పరిష్కార కమిషన్లకి అప్పగించింది. ప్రతి మనిషి ఆస్తికీ విడిగా లెక్క రాయాలన్నది నియమం. ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు తర్వాత బీరూట్‌లో, పారిస్‌లో, అమెరికాలో తమ ఊళ్ళ జ్ఞాపక గ్రంథాలు రాసుకున్నారు. చాలావాటిలో చేత్తో గీసిన ఊరి పటం ఉంటుంది: చర్చి, నీటి ఊట, ఎవరి ఇల్లు ఎవరి పక్కన. ఒట్టోమన్ భూమి రిజిస్టర్‌లో మన దస్తావేజులో చెక్కుబందీ లాగే నాలుగు హద్దులు ఉంటాయి: తూర్పున అగోప్ ద్రాక్షతోట, పడమర బాట. పటంలోని హగోప్, రిజిస్టర్‌లోని అగోప్ ఒకరేనని గుర్తుపట్టగలిగినవాళ్ళు ఆ తోట ఎక్కడుందో నేల మీద చూపించగలరు.